బొంత కప్పిన మోటరుతో మూడు రోజులు

కాశీకి వెళ్లొచ్చినవాళ్లు కాశీ గురించి రాస్తారు. నేనూ కాశీకి వెళ్లాను, రైల్లో పైబెర్తు మీంచి జారి కింద పడ్డాను కూడా. అయినా దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కర్నూలు పక్కన కల్లూరు నుంచి కడప జిల్లాలో జమ్మలమడుగు అవతల ఉన్న మా చెల్లెలి ఊరికి చేసిన ప్రయాణం గురించి. మామూలు రోజుల్లో పొద్దున ఉగ్గాని తిని బస్సెక్కితే మధ్యాహ్నం సంగటి ముద్దకు చేరుకునే దూరం అది. రెండు వేల ఇరవై వేసవిలో, దేశమంతా తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు, నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల గురించి గొప్పలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. గొప్పలు గిట్టనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

చెల్లెలి ఊరి పేరు మాత్రం రాయను. రాయొద్దని అదే ఒట్టు పెట్టించుకుంది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కల్లూరు

మాది మోటర్ల వైండింగ్ షాపు. ఇంటి ముందు గదే షాపు. కాలిపోయిన బోరు మోటర్లు తెస్తే పాత తీగ పీకి కొత్త తీగ చుట్టి ఇస్తాం. బోర్డు మీద పేరు మా ఆయనది. పనిలో సగం నాది. బోరు మోటరుకు తీగను ఒక్కొక్క చుట్టే చేత్తో దూర్చాలి. ఆయన కూర్చుని దూరుస్తుంటే, తీగ మెలిపడకుండా నేను రెండో కొస పట్టుకుని వసారా చివరి దాకా వెళ్లాలి, మళ్లీ రావాలి. ఇరవై ఏడేళ్లుగా ఆ వసారాలో నేను నడిచిన నడక అంతా కలిపితే కాశీకి రైలు అక్కర్లేకపోయేది.

మా చెల్లెలు రమణమ్మ, దాని మొగుడు ఓబులేసు, వాళ్లకు మూడు వందల చీనీ చెట్లు, అంటే బత్తాయి. ఏడేళ్లు పిల్లల్లా సాకారు. ఆ ఏడాదే మొదటిసారి కొమ్మ వంగేంత కాయ పట్టింది. సరిగ్గా అప్పుడే మోటరు కాలింది. అంతకు ముందు దగ్గర్లో చుట్టించినవి రెండుసార్లు కాలిపోయాయని, ఈసారి వదిన చేతుల్లోనే పెడతానని ఓబులేసు మోటరును బస్సు మీద వేసుకుని మా దగ్గరికి తెచ్చాడు. తెచ్చిన మూడో రోజుకు బస్సులు ఆగిపోయాయి. అంతకు ముందు రోజే అతను ఊరు చేరాడు. మోటరు మాత్రం మా ఇంట్లో చిక్కుకుపోయింది.

నాలుగు రోజుల్లో చుట్టేశాం. డ్రమ్ములో నీళ్లు పోసి, మోటరు ముంచి పరీక్ష కూడా చేశాం. ఇక పంపడానికి దారి లేదు. పక్క తోటాయన దయతలచి రోజుకు ఒక గంట నీళ్లు ఇస్తున్నాడు. మూడు వందల చెట్లకు గంట నీళ్లు ఏ మూలకు? మిగతావాటికి రమణమ్మ బిందెలతో మోస్తోంది. నెల గడిచింది. పక్క తోటాయన బోరు కూడా తగ్గిందని నీళ్లు ఆపేశాడు. ఆ రోజు ఫోన్ చేసింది.

"అక్కా, కాయ రాలిపోతాంది. పొద్దున లేసి తోటలోకి పోవాలంటే భయమైతాంది. ఇంగ వారం చూస్తే చెట్లే పోతాయంటాండారు. ఏమన్నా చెయ్యక్కా."

మా చెల్లెలు అడుక్కునే మనిషి కాదు. పెళ్లిచూపుల్లో కూడా అబ్బాయినే ఎదురు ప్రశ్నలు అడిగింది. అలాంటిది నన్ను అడుక్కుంది.

మా ఆయన వెళ్లాలి న్యాయంగా. కానీ ఆయనకు వార్నిష్ పొగ పీల్చి పీల్చి వచ్చిన ముప్పై ఏళ్ల దగ్గు ఉంది. మనిషి దగ్గకుండా ఒక వాక్యం పూర్తి చేయలేడు. ఆ రోజుల్లో చెక్‌పోస్టు దగ్గర దగ్గితే అటునుంచటే అంబులెన్సు ఎక్కించేవాళ్లు.

"నేను పోతా," అన్నాను.

"నువ్వా? వైండింగ్ మీద ఏమన్నా అడిగితే చెప్పగలవా?" అన్నాడు.

ఆ మాటకు నేనేం జవాబిచ్చానో ఇక్కడ రాయడం బాగుండదు. మర్నాడే వ్యవసాయ పని మీద వెళ్లడానికి పాసు తెచ్చుకున్నాను.

మాకు తెలిసిన మస్తాన్ అనే డ్రైవరు ఉన్నాడు. బేతంచెర్ల మనిషి. మామూలుగా తన చిన్న వ్యానులో నాపరాతి బండలు వేసేవాడు. బండల పని ఆగిపోయాక కూరగాయలకు పాసు తీసుకుని కర్నూలుకు తోలుతున్నాడు. మర్నాడు బనగానపల్లెలో మామిడికాయ ఎత్తుకుని ప్రొద్దుటూరు వెళ్తున్నానని చెప్పాడు.

"ఎక్కక్కా. నీ చెల్లెలి ఊర్లో దించే పోతా. ఫికర్ చేయాకు," అన్నాడు.

మోటరుకు పాత బొంత చుట్టి తాళ్లతో కట్టాం. నిలువునా నా నడుము దాకా ఉంటుంది. బరువు నాకంటే కాస్తే తక్కువ. ఇద్దరు మోసి వ్యానులో పడుకోబెట్టారు. మా ఆయన వీధి చివరి దాకా వచ్చి, దూరంగా నిలబడి, దగ్గుతూ చెయ్యి ఊపాడు.

బేతంచెర్ల

రంజాన్ నెల అప్పుడే మొదలైంది. మస్తాన్ ఉపవాసం. నేను తెచ్చుకున్న జొన్నరొట్టె, వంకాయ కూర అతని పక్కన కూర్చుని ఎలా తినను? మూట విప్పకుండా కూర్చుంటే అతనే కోప్పడ్డాడు.

"ఉపవాసం నాదక్కా, నీది కాదు. తిను. నువ్వు కళ్లు తిరిగి పడితే ఆ మోటరు నేను మోయలేను."

తిన్నాను. ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ చూడలేదు. ఒక చోట నెమళ్లు రోడ్డుకు అడ్డంగా, పంచాయితీకి వచ్చినట్టు నిలబడి ఉన్నాయి. మస్తాన్ హారన్ కొడితే మమ్మల్నే ఎగాదిగా చూశాయి. దారిలో రెండు చోట్ల ఆపారు. ఒక చోట అనవసరంగా తిరుగుతున్న నలుగురు పెద్దమనుషుల చేత గుంజీలు తీయిస్తున్నారు. అందులో ఒకాయన ఎవరో మేష్టారులా ఉన్నాడు. లెక్క తప్పకుండా పైకి చెబుతూ తీస్తున్నాడు. నాకు నవ్వు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను. మాస్కు అని నా మొహానికి ఉన్నది ఆ కొంగే.

బేతంచెర్లకు నేను రెండు మూడుసార్లు మోటర్లు ఇవ్వడానికి వచ్చాను. బండలు కోసే మిషన్ల రొద, దారి పొడుగునా తెల్లటి బురద, లారీల వరసలు, అరిచి మాట్లాడుకునే జనం. అదీ ఆ ఊరు. ఆ రోజు బురద ఎండి పెచ్చులు లేచి ఉంది. కోసిన బండలు గోడలకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. కాకుల అరుపు వినబడుతోంది.

మామిడికాయ పొద్దున్నే ఎత్తాలి కాబట్టి ఆ రాత్రికి మస్తాన్ ఇంట్లోనే ఆగాను. అతని భార్య నూర్జహాన్ నన్ను గుమ్మంలోనే ఆపి, సబ్బు చేతికిచ్చి మోచేతుల దాకా రుద్దుకోమంది. మొగుడికీ అదే శిక్ష. వసారాలో నాకు చాప వేసింది, నా పక్కనే మోటరుకు చోటు చూపించింది.

"మిషన్ల సప్పుడు లేకుంటే నాకు నిద్ర పట్టడం ల్యా అక్కా," అంది. "పెండ్లయి వచ్చిన కొత్తలో సప్పుడుకు నిద్ర లేదని ఏడ్సినా. ఇప్పుడు సప్పుడు లేదని మేలుకోనుండా."

ఉపవాసం విడిచే వేళ ఖర్జూరాలు దొరకలేదని పుచ్చకాయ ముక్కలు పెట్టింది. పక్కింటి ముసలాయన బీడీ కట్ట రెట్టింపు ధర చెబుతున్నారని వీధి మొత్తానికి వినబడేలా ప్రభుత్వాన్ని తిడుతున్నాడు. నూర్జహాన్ గంజి పోసింది, మామిడికాయ కారం వేసింది. ఆ రోజుల్లో ఎవరి ఇంట్లో ఏం తాగితే ఏం వస్తుందో ఫోన్లలో రకరకాల మాటలు తిరిగాయి. మా వీధిలోనే కొందరు నమ్మారు. నేను రెండు గిన్నెల గంజి తాగి, మూడోది కూడా అడిగాను.

బనగానపల్లె

రెండో రోజు పొద్దున్నే బనగానపల్లె పక్కన మామిడి తోటకు చేరాం. ఊరి పేరు పెట్టుకుని దేశమంతా తిరిగే కాయ, ఆ ఏడాది ఊరు దాటడానికి పాసు కోసం ఎదురుచూస్తోంది. తోట కౌలుకు చేసుకునే పుల్లమ్మ అనే పెద్దావిడ గోనెపట్టా మీద కూర్చుని కాయలు ఏరుతోంది.

"ఎప్పుడూ కిలో యాభైకి తగ్గని కాయను ఇరవైకి అడుగుతాండారు. ఫోన్లోనే అడుగుతాండారు, మొగం చూపించేదానికి సిగ్గు వాళ్లకు," అంది. అంటూనే నా ఒళ్లో ఆరు కాయలు వేసింది. వద్దంటే కసిరింది. "నువ్వు తింటే ఒక మంచి మాటన్నా చెప్తావు. వాళ్లేం చెప్తారు?"

మంచి మాట ఇప్పుడు చెబుతున్నాను. అలాంటి కాయ నేను మళ్లీ తినలేదు. వాసనకే సగం ఆకలి తీరింది.

ఆ తోటలో ఒక వింత చూశాను. కూలీలు ఎడంగా ఉండాలని అధికారులు చెప్పారట. పుల్లమ్మ పొద్దున్నే ముగ్గుపిండితో చెట్ల నీడలో గుండ్రాలు గీయించింది, మనిషికొక గుండ్రం. పొద్దెక్కాక నీడ జరిగింది. గుండ్రాలు ఎండలో మిగిలాయి. నీడతో పాటు మనుషులూ జరిగి, పన్నెండు మందీ ఒకే చెట్టు మొదట్లో ఒకరినొకరు ఆనుకుని కూర్చుని సద్దిమూటలు విప్పుకున్నారు. ఎండలో ఖాళీ గుండ్రాలు మాత్రం ఎంతో క్రమశిక్షణగా ఉన్నాయి. మా సీమలో ఏ రోగమైనా ఎండ తరువాతే.

వ్యాను నిండా కాయల పెట్టెలు ఎక్కాయి. మోటరు మధ్యలో ఇరుక్కుంది. మొదటి మలుపులోనే దొర్లి ఒక పెట్టెను, దాంతో పాటు నా టిఫిన్ క్యారియరునూ నొక్కేసింది. రాగి రేకులా చదునైన ఆ గిన్నెను చూసి మస్తాన్ తలపట్టుకున్నాడు. చివరికి తోటలోని ఎండుగడ్డి తెచ్చి, మోటరు చుట్టూ కుక్కి, మామిడికాయల కంటే భద్రంగా కూర్చోబెట్టాడు.

జిల్లా సరిహద్దు

కోవెలకుంట్ల దాటి కడప జిల్లాలోకి అడుగుపెట్టే చోట చెక్‌పోస్టు. షామియానా, రెండు డ్రమ్ములు, అడ్డంగా ఒక వెదురు బొంగు. అక్కడ ఒక ఆడ కానిస్టేబులు, పాతికేళ్లుంటాయేమో, ఎండకు మొహం కమిలిపోయి ఉంది. పాసు చూసింది. కర్నూలు అనే మాట చదవగానే రెండడుగులు వెనక్కి వేసింది. కర్నూల్లో కేసులు ఎక్కువని అప్పుడు అందరికీ భయమే.

"ఆ బొంతలో ఏముండాది?"

"మోటరమ్మా. బోరు మోటరు."

"మోటరుకు బొంతెందుకు? విప్పు."

విప్పాను. ఆమె లాఠీతో తట్టింది. వంచమంది. మస్తాన్ వంచాడు. మూతి బిరడా సరిగ్గా బిగించలేదో ఏమో, లోపలి నుంచి నీళ్లు బుడబుడమని కారాయి. మందు దుకాణాలు మూసేసి, దొంగసారా దొర్లుతున్న రోజులు. ఆమె కళ్లు వెలిగిపోయాయి.

"మోటరులో నీళ్లెందుకుంటాయి? ఏమప్పా, ఎన్ని లీటర్లు తెస్తాండావు?" అని మస్తాన్ మీదికి వెళ్లింది. రంజాన్ నెలలో ఉపవాసంలో ఉన్నవాడిని సారా దొంగ అంటే ఎలా ఉంటుంది? పాపం అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

నేను ముందుకు వచ్చాను. "ఈ రకం మోటరు లోపల నీళ్లు నింపే తిప్పాలి తల్లీ. నీళ్లుంటేనే చల్లగా ఉంటది. కావాలంటే వాసన చూడు."

ఆమె వేలు తడిపి, మాస్కు దించి, వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆ తరువాత మోటరు వైపు చూసిన చూపు వేరు.

"ఎవరి తోటకు?"

చెప్పాను. మూడు వందల చెట్లు, రాలిపోతున్న కాయ, బిందెలు, అన్నీ చెప్పాను. ఆమె షామియానా గుంజకు ఆనుకుని నిలబడి విన్నది.

"మా నాయన ఐదు బోర్లు ఏసినాడు," అంది చివరికి. "ఐదూ పోయినాయి. ఆరోది ఏస్తానంటే మా యమ్మ బాయిలో దూకుతా అనింది. దూకేదానికి యా బాయిలో నీల్లుండాయే అన్నాడు మా నాయన."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఏ జాతిదో మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు.

కానీ జిల్లా దాటడానికి పై అధికారి సంతకం కావాలట. ఆయన పొద్దున్నే వస్తాడట. రాత్రికి అక్కడే ఆగిపోయాం. ఆమె తన కోసం ఇంటి నుంచి వచ్చిన రాగి సంగటి, చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి మాకు పంచింది. మా కర్నూలు వాళ్లం సంగటి తింటాం కానీ రొట్టె లేనిదే తిన్నట్టుండదు. వీళ్లకు రొట్టె పలహారం, సంగటి ప్రాణం. ఆ రాత్రి నేను కూడా ఆ పక్షానికే మారిపోయాను. పొద్దున సంతకం అయ్యాక, మోటరులో తగ్గిన నీళ్లను ఆమె తన సీసాలోని తాగే నీళ్లతో నింపింది. బిరడా తనే బిగించింది.

కంప ఇవతల

మూడో రోజు జమ్మలమడుగు దాటి, పది గంటలకల్లా చెల్లెలి ఊరి పొలిమేరకు వచ్చాం. అక్కడ రోడ్డు లేదు. అంటే రోడ్డు ఉంది, దాని మీద మనిషెత్తు ముళ్లకంప కొట్టి పడేశారు. అట్టముక్క మీద "బయటివారు రాకూడదు" అని రాసి వేలాడదీశారు. కంప అవతల ఊరి పెద్దాయన చెన్నారెడ్డి, మరో పదిమంది మొహాలకు తువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక మా రమణమ్మ. నెల రోజుల్లో సగమైంది.

"ఏమనుకోవాకమ్మా," అన్నాడు చెన్నారెడ్డి. "నువ్వు మా ఆడబిడ్డవే. ఎప్పుడొచ్చినా మా ఇంట్లో తినే పోతావు. కానీ కర్నూలు నుంచి వచ్చిండావు. ఊర్లో ముసిలోళ్లు, పసిబిడ్డలు ఉండారు. మోటరు రానిస్తాం. నిన్ను రానీలేం."

రమణమ్మ ఆయన మీద విరుచుకుపడింది. నేనే సర్దిచెప్పాను. కోపం నాకూ వచ్చింది, లేదనను. కానీ మోటరు లోపలికి పోతే చాలు, నేనెక్కడ నిలబడితే ఏం? మస్తాన్ నా సాయంతో మోటరును కంప దగ్గర దించి, కాయ పాడవుతుందని ప్రొద్దుటూరుకు వెళ్లాడు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఊరివాళ్లు మోటరు మీద బ్లీచింగ్ నీళ్లు చల్లి, తాడు కట్టి కంప మీదుగా లాక్కున్నారు.

ఓబులేసు తోట రోడ్డు పక్కనే. బోరు నాకు కనబడేంత దూరంలోనే ఉంది. మూడు కాళ్ల స్టాండు వేసి, మోటరుకు పంపు బిగించి, పైపు తరువాత పైపు కలుపుతూ లోపలికి దించారు. నేను వేపచెట్టు కింద రాయి మీద కూర్చుని పైపులు లెక్కపెట్టాను. ఎండ మాడిపోతోంది. చీనీ చెట్ల ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి. ప్రతి చెట్టు కిందా నిమ్మకాయంత పిందెలు రాలి నల్లబడ్డాయి.

రెండు దాటాక పని అయింది. త్రీఫేజు కరెంటు ఉంది. ఓబులేసు దణ్ణం పెట్టుకుని స్టార్టరు నొక్కాడు. మోటరు తిరిగింది. అందరూ పైపు మూతి వైపు చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను.

వేలు లావు ధార వచ్చింది. చేతులు కడుక్కోవడానికి సరిపోయేంత. అంతే. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అదే ధార.

ఒక ముసలాయన తలగుడ్డ తీసి కింద కూర్చున్నాడు. "బోరు పాయ," అన్నాడు. ఆ మాట మా సీమలో ఎలా అంటారో ఆ ప్రాంతం కానివాళ్లకు తెలియదు. చావు కబురు చెప్పే గొంతుతోనే అంటారు. మాకు బోర్లు పోయి పోయి, నీళ్లు తగ్గితే ఇంకే కారణమూ తోచదు. రమణమ్మ పైపు పక్కన కూలబడి నెత్తి కొట్టుకుంది. ఓబులేసు స్టార్టరు ఆపేసి చెట్ల వైపు తిరిగాడు, మొహం కనబడకుండా. చెన్నారెడ్డి అప్పుడే ఫోన్ తీసి, కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని రేపు రమ్మంటున్నాడు. కొత్త బోరుకు చోటు చూడటానికి.

నిజం చెబుతాను. నాకు మొదట వచ్చిన భయం బోరు మీద కాదు, నా మీద. తీగ ఎక్కడైనా తప్పు దూర్చామా? ఒక చుట్టు తక్కువ పడిందా? రాయి మీద మళ్లీ కూర్చున్నాను. కళ్లు మూసుకుని, వసారాలో నడిచిన నడకంతా మనసులో మళ్లీ నడిచాను. తప్పు లేదు. మరి?

అప్పుడు వెలిగింది. నెల రోజులు తోడని బోరు. లోపల ఊరిన నీళ్లు నిలబడి ఉంటాయి కదా. బోరు నిజంగా పోయినా, మొదటి కాసేపైనా నిండుగా పోసి తరువాత తగ్గాలి. ఇది మొదటి నుంచీ సన్నధారే. అంటే నీళ్లు ఉన్నాయి, మోటరు తిరుగుతోంది, కానీ తిరగాల్సిన వైపు తిరగడం లేదు. మూడు తీగల్లో రెండు అటూ ఇటూ అయితే మోటరు వెనక్కి తిరుగుతుంది, నీళ్లను పైకి సరిగ్గా ఎత్తలేదు. మా షాపులో పదో తరగతి తప్పినవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.

"ఓబులేసూ!" అని అరిచాను. "స్టార్టరు కాడ రెండు వైర్లు అటిదిటు ఇటిదటు మార్చి ఎయ్యి!"

"బోర్లో నీల్లు ల్యాకపోతే వైర్లేం చేస్తాయి వదినా," అన్నాడు. ఏడుపు గొంతు.

"నీళ్లుండాయి! మార్చు!"

"ఊరుకోమ్మా," అన్నాడు చెన్నారెడ్డి. "యాభై ఏండ్లుగా బోర్లు చూస్తాండాం. పోయిన బోరు మాకు తెలీదా? నీ మోటరును ఎవురూ తప్పు పట్టడం ల్యా."

మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి బతిమాలాను. కొత్త బోరుకు ఎన్ని అడుగులు వేయాలో మాట్లాడుకుంటున్నారు తప్ప ఒక్కరూ స్టార్టరు వైపు కదల్లేదు. ఇంత దూరం వచ్చింది దీనికా? నాకు ఒళ్లు మండింది.

చీర కుచ్చిళ్లు ఎత్తి నడుంలో దోపాను. పక్కనున్న బండరాయి ఎక్కి, ఒక కాలు కంప మీద పెట్టాను. మొహం మీది కొంగు తీసేశాను.

"మీరు మారుస్తారా, నన్ను లోపలికొచ్చి మార్చమంటారా?"

అని, ఊరంతా వినబడేలా ఒక్క దగ్గు దగ్గాను.

చూడాలి ఆ మొహాలు! పదిమందీ పదడుగులు వెనక్కి. చెన్నారెడ్డి తువ్వాలును ముక్కు మీదికి రెండు మడతలు లాగి, నా జన్మలో నేను వినని గొంతుతో అరిచాడు. "రేయ్ ఓబులేసా! ఆ వైర్లు మార్చరా సామీ! యమ్మ వచ్చేటట్లుండాది!"

ఓబులేసు పరుగెత్తాడు. ఫ్యూజులు లాగి, రెండు వైర్లు ఊడదీసి, మార్చి బిగించాడు. ఫ్యూజులు పెట్టి స్టార్టరు నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. పైపు మూతి గాలి కక్కింది, ఎర్రటి బురద కక్కింది. ఆ తరువాత నీళ్లు. పైపు నిండా నీళ్లు. గుంతలో పడి మనిషెత్తు ఎగిరి పడే నీళ్లు. రమణమ్మ ఆ ధార కింద చేతులు పెడితే చేతులు నిలవలేదు.

ఈలలు, కేకలు. "బోరు పాయ" అన్న ముసలాయన తలగుడ్డ తడుపుకుని మళ్లీ చుట్టుకుంటున్నాడు. చెన్నారెడ్డి కొబ్బరికాయ మనిషికి మళ్లీ ఫోన్ చేసి రావద్దని చెప్పి, నా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని ఆ దణ్ణం మొత్తం స్వీకరించాను, కొంచెం కూడా తిరిగి ఇవ్వలేదు. వైర్లు తారుమారైంది కల్లూరులో నా చేతనా, వాళ్ల ఊర్లో ఆ నెలలో స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతనా అనేది ఈనాటికీ తేలలేదు. లైన్‌మనే అని నా తీర్పు. ఆ ఏడాది కాయ సగమే చేతికొచ్చింది గానీ, మూడు వందల చెట్లలో ఒక్కటీ పోలేదు.

కంప మాత్రం తీయలేదు. దూరం దూరమే అన్నారు.

ఓబులేసు మొదటి వరస చెట్లకు నీళ్లు కట్టబోతున్నాడు. రమణమ్మ అతని చేతిలోంచి పార లాక్కుంది. కాలవ గట్టు తెగ్గొట్టి నీళ్లను రోడ్డు వైపు మళ్లించింది.

"ఏం చేస్తాండావే, నీల్లు రోడ్డుకు పోతాండాయి!" అని అరిచాడు ఓబులేసు. పది నిమిషాల నీళ్ల వంతు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే చోటు అది. నెల రోజులు బిందెలతో మోసిన మనిషి, దోసెడు నీళ్లు వృథా పోతే తిట్టే మనిషి.

"పోనీ," అంది రమణమ్మ. "మా యక్క కాళ్లు తడిసినాక మళ్లిస్తా."

నీళ్లు దుమ్ము తాగుతూ, ఎండుటాకులను, రాలిన పిందెలను తోసుకుంటూ మెల్లగా వచ్చాయి. కంప కింద నుంచి దూరి ఇవతలికి వచ్చాయి. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. మొదట వేళ్లు తడిశాయి, తరువాత పాదాలు. చల్లగా ఉన్నాయి. అవతల రమణమ్మ పార పడేసి వచ్చి అదే కాలవలో, నాకు ఎదురుగా, రెండు బారల దూరంలో నిలబడింది. మధ్యలో ముళ్లకంప. దాని బుగ్గల మీద నీళ్లు, నా బుగ్గల మీద నీళ్లు.

"చాలు రమణా. ఇంగ చెట్లకు కట్టు," అన్నాను.

"ఉండక్కా," అంది. "ఇంకొంచేపు ఉండు."